ఎరువు తెచ్చుకొన్న విద్య

మా వదినగారి పెరటిలో ఒక సిమెంటు గోలెము ఉండెడిది. నడుము లోతు; ఇద్దరు చేతులు చాచి కౌగిలించినను చుట్టునకు అందనంత వెడల్పు. మా అన్నగారు పెండ్లియైన క్రొత్తలో దానిని బండిమీద తెప్పించి, నలుగురు మగ్గపు పనివారి సాయముతో దింపించిరి. నాలుగు దినముల కొకమారు నల్లా వచ్చెడి ఊరిలో గోలెము లేని ఇల్లు ఇల్లు కాదు. (ఆంధ్ర తీరపు సోదరులు కొళాయి యందురు, మహారాష్ట్రమున మూడు తరములుగా స్థిరపడిన మాకు అది నల్లాయే.) పిల్లనిచ్చెడివారు మగ్గములెన్ని యని అడిగిన పిమ్మట గోలెమెంత యని అడిగెడివారని మా అమ్మ పరిహాసమాడెడిది. 2013 జనవరిలో ఆ గోలెమును వదినగారు అమ్మివేసిరి. అమ్మించినవాడను నేనే.

మన సంఘమువారు ఈ సంచికకు మన పూర్వుల వలసను గూర్చి వ్రాయుమని కోరిరి. మా తాతగారు కరీంనగరు ప్రాంతము నుండి మగ్గము మోసికొని వచ్చిన కథ మీలో అనేకుల ఇండ్లలో ఉన్న కథయే. నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. మనుష్యులవలెనే విద్యలును వలసపోవును. ఒక ఊరు కష్టపడి నేర్చిన పని వేరొక ఊరికి చేరును. ఒక్కొక్కప్పుడు సముద్రము దాటి చేరును. అట్టి వలసను ఒకదానిని నేను చేతులార నడిపి చెడగొట్టితిని. అందుచేత దానినే వ్రాయుట న్యాయమని తోచినది.

నేను ముప్పదియొక సంవత్సరములు ఒక పురపాలక సంఘపు నీటి సరఫరా శాఖలో పనిచేసి విశ్రాంతి గైకొంటిని. ఆ ఊరి పేరు ఇచ్చట చెప్పను. 2011లో మా కార్యాలయమువారు ఆరుగురిని కర్ణాటకమునకు పంపిరి. కొంత కన్నడము, పూర్తిగా తెలుగు తెలిసినవాడనగుటచే నన్నును చేర్చిరి. ఆ రాష్ట్రమువారు ప్రపంచ బ్యాంకు ఋణసహాయముతో హుబ్బళ్లి-ధారవాడ, బెళగావి, కలబురగి నగరములలో కొన్ని పేటలను ఎన్నుకొని, సుమారు పదింట నొకవంతు జనమునకు ఇరువదినాలుగు గంటలును నీరు వచ్చునట్లు చేసిరి. 2008 నాటికే ఆ పేటలలో నీరు నడచుచుండెను. అంతకుముందు ఆ ఊళ్లవారును మావలెనే దినములు లెక్కించుకొనెడివారు.

ఉన్న నీరే చాలనప్పుడు దానిని రేయింబవళ్లు ఇచ్చుట ఎట్లని మాకు సందేహము. గొట్టము ఖాళీగా నున్నప్పుడే నష్టమెక్కువ యని అచ్చట తెలిసికొంటిమి. నీరెప్పుడు వచ్చునో తెలియని గృహిణి నల్లా తిప్పియే ఉంచును. క్రొత్త నీరు రాగానే పాత నీటిని మోరీలో పారబోయును. అన్నిటికంటె అపాయము, ఖాళీ గొట్టము తన ప్రక్కనున్న మురుగును చిల్లుల గుండ లోనికి పీల్చుకొనును. గొట్టము సదా నిండియున్నచో ఈ మూడు బాధలును తగ్గును. అయితే దానికొక కట్టుబాటు కలదు. ఊరిని చిన్న చిన్న భాగములుగా విడదీసి, ప్రతి భాగమునకు ఒకే ప్రవేశద్వారముంచి, అచ్చట పెద్ద మీటరు పెట్టవలెను. లోనికి పోయిన నీరెంత, ఇండ్ల మీటర్లలో తేలిన నీరెంత? ఈ రెంటి భేదమే దారిలో పోవునది. భేదము పెరిగిన దినముననే వెదుకుటకు బయలుదేరవలెను. ఇదంతయు మాకు పటముల సహాయమున చక్కగా బోధించిరి. మేము ఫొటోలు తీసికొంటిమి, శాలువలు కప్పించుకొంటిమి.

మధ్యాహ్నము అధికారులు భోజనమునకు పోగా ఒక వాల్వు పనివాడు నావద్ద నిలిచెను. రాయచూరు వైపువాడు. నా మరాఠీ యాసగల తెలుగు విని నవ్వి, తానును తెలుగులోనే మాటలాడసాగెను. ఇద్దరము వేపచెట్టు క్రింద కూర్చుంటిమి.

“పైపులేసేది పెద్ద పని కాదు సార్. ఏ ఇల్లు ఏ పైపు మీద ఉందో పట్టుకునేదే పెద్ద పని. నెలల తరబడి ఇంటింటికీ తిరిగినాము. పాత పైపు ఒక్కటి పక్క వార్డుకి తెగకుండా మిగిలిందనుకోండి, మీ నీళ్లు రాత్రికి రాత్రి అటే పోతాయి. ఆడోళ్లతో మాట్లాడండి సార్. ఏ సందులో ఎప్పుడు ధార తగ్గిందో వాళ్లకే తెలుసు. రాత్రి లీకు పడితే తెల్లారేదాకా ఆగద్దు” అని అతడు చెప్పెను. ఇంకను చాల చెప్పెను. కొందరు మీటరు వద్దని తలుపు వేసికొనిరట. వారితో కూర్చుండి టీ త్రాగి, మొదటి నెల బిల్లు ఎట్లు వచ్చునో కాగితము మీద వేసి చూపినపిమ్మట ఒప్పుకొనిరట.

ఆరుగురము ఆరు డబ్బాల ధారవాడ పేఢాలతో తిరిగి వచ్చితిమి. నలువది పుటల నివేదిక వ్రాయు భారము నాపై పడెను. ఆంగ్లములో అడిగి తెలిసికొన్నదంతయు అందులో చేర్చితిని. గొట్టముల వ్యాసములు, మీటర్ల రకములు, వ్యయపు అంచనాలు, రంగు పటములు, అన్నియు చేరినవి. వేపచెట్టు క్రింద తెలుగులో విన్నది ఒక్క వాక్యమైనను చేరలేదు. దాచవలెనని కాదు. అది విద్య యని నాకు తోచనే లేదు. ఇంటి భాషలో సాగిన కబురనుకొంటిని. మనవంటి వారికి ఈ అలవాటు చిన్ననాటి నుండి వచ్చినదని ఇప్పుడు అనిపించుచున్నది. కార్యాలయమున ఒక భాష, బజారులో ఒక భాష, ఇంటిలో ఒక భాష. వీనిలో ఇంటి భాష పనికిరానిదని ఎవరును చెప్పకయే నేర్చుకొంటిమి.

నివేదిక అంగీకరింపబడెను. ప్రయోగమునకు మా పేటనే ఎన్నుకొనునట్లు నేనే పట్టుబట్టితిని. స్వార్థమని అనుకొన్నను అనుకొనుడు. క్రొత్త గొట్టములు, క్రొత్త మీటర్లు వచ్చినవి. 2012 డిసెంబరులో నీరు విడిచిరి. తెల్లవారుజామున మూడు గంటలకు లేచెడి మా పేట ఆరు గంటలవరకు నిదురించెను! అంత నిశ్శబ్దమును నేను పుట్టిన తరువాత ఆ వీథిలో వినలేదు. వదినగారు మొదట నమ్మలేదు. నెల దినములు గోలెము నింపియే ఉంచిరి. “ఇంకెందుకు వదినా, దోమలకు కాపురమా?” అని నేనే అంటిని. జనవరిలో అమ్మివేసి, ఆ స్థలమున రెండు గులాబి మొక్కలు నాటిరి. ఇరుగుపొరుగువారును కొందరు డ్రమ్ములు అమ్ముకొనిరి.

ఏప్రిలు నాటికి ధార సన్నబడెను. ప్రక్క వార్డుకు పోయెడి పాత గొట్టములు ఒకటి కాదు, మూడు తెగకుండ మిగిలినవి. వేసవి రాగానే అటువైపు వాడకము పెరిగి మా నీరు అటు పోసాగెను. ప్రవేశమున పెట్టిన పెద్ద మీటరును చదువుటకు మనుష్యుని నియమింపలేదు. నా నివేదికలో మీటరు ధర ఉన్నది గాని మీటరు చదువువాని ప్రసక్తి లేదు. రాత్రి పడిన లీకులు మరునాటి కాగితములలో పడి, ఆ మరుసటి వారమున మట్టి త్రవ్వించెడివి. మే నెలలో మరల నాలుగు దినముల కొకమారు నల్లా అని ప్రకటించిరి. పట్టుకొనుటకు పాత్రలు లేవు. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు నగలను గురించి యనిరి గాని, ఆ వేసవిలో మా వదినగారు ఎదురింటివారి డ్రమ్ము ఎరువు తెచ్చుకొని నీళ్లు పట్టుకొనిరి. ఒక రాత్రి రెండు గంటలకు, పొరుగు వీథి నల్లా నుండి బిందె మోసికొని వచ్చుచు జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనిరి. అది నేటికిని పూర్తిగా వంగదు.

ఆసుపత్రిలో ఆమె నన్ను నిందింపలేదు. “నువ్వు చెప్తెనే గదా మరిదీ గోలెం అమ్మిన” అని ఒక్క మాట యనిరి. పిమ్మట నా కొడుకు పరీక్ష లెట్లు వ్రాసెనని అడిగిరి.

మా కార్యాలయమున ప్రతి సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని విశ్వేశ్వరయ్యగారి పటమునకు దండ వేసి, ఇంజనీర్ల దినము జరుపుకొనెడివారము. ఆయన ఆత్మకథను చదువుదునని అనుకొనుచునే ఉద్యోగకాలమంతయు గడపితిని. వదినగారు ఇంటికి వచ్చిన ఆ వర్షాకాలమున చదివితిని. మోక్షగుండము గిద్దలూరు ప్రాంతపు గ్రామము. ఆయన పూర్వులు అచ్చటి నుండి మైసూరు సీమకు పోయి ముద్దేనహళ్లిలో స్థిరపడిరి. ఇంటిపేరులో పాత ఊరిని మోసికొని తిరిగిన వలస కుటుంబపు బిడ్డడే ఆయనయు. పుణెలో ఇంజనీరింగు చదివి బొంబాయి ప్రభుత్వమున చేరెను. సింధులోని సుక్కూరు పురమునకు మంచినీరు ఇయ్యవలసి వచ్చినప్పుడు, బురద నీటిని వడపోయు తొట్లకు వారివద్ద ధనము లేకపోగా, నదీగర్భముననే బావి త్రవ్వించి ఇసుకయే నీటిని వడపోయునట్లు చేసెను. 1903లో పుణె సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు, నీరొక మట్టమును మీరగానే తమంతట తెరచుకొని, తగ్గగానే మూసికొనెడి తలుపులు అమర్చెను. ఆ తలుపులు తరువాత గ్వాలియరులో తిగ్రా కట్టకును, మైసూరులో కృష్ణరాజసాగరమునకును పోయినవి. 1906లో ఎర్రసముద్రపు వాకిట నున్న ఏడెను నగరపు నీటి సమస్యను పరిశీలించుటకు ఆయననే పంపిరి.

తలుపుల కథ మా శాఖలో ప్రతివానికి తెలియును. ఒక ఊరి విద్య మరియొక ఊరికి పోవుట యనిన తలుపు పోవుటయే యని మేము గ్రహించియుంటిమి. హైదరాబాదు ప్రకరణము చదువునప్పుడు ఆ గ్రహింపు నాకు తప్పని తోచెను.

1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములు తీసెను. విశ్వేశ్వరయ్యగారు అప్పుడు యూరపు పర్యటనలో నుండిరి. నిజాము ప్రభుత్వము పిలువగా 1909లో వచ్చి పని చేపట్టిరి. వచ్చి మొదట లెక్క తీసిరి. నగరమునకు ఎగువన మూసీకి నీరు చేర్చెడి నేల 862 చదరపు మైళ్లు. అందులో చెరువులు 788. అనగా ఇంచుమించు మైలున కొకటి. ఆ వర్షమునకు వానిలో 221 తెగిపోయినవి. శంషాబాదున ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన పడినది. పై చెరువు తెగిన క్రింది చెరువు తాళదు. ఆ విధముగా నగరముపై పడినది ఒక్క నది కాదు, తెగిన చెరువుల పరంపర. ఎగువన రెండు జలాశయములు కట్టి వరదను నిలువవలెనన్న ఆయన సలహా ఈ లెక్కలోనుండి పుట్టినది. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసాపై హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరద నాపుటకు కట్టినవి నగరమునకు మంచినీటిని కూడ ఇచ్చినవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఆయన తరువాతి కాలమున కూడ ఆ నగరపు పనికి పిలువబడెను.

221 అను సంఖ్యను చదివి పుస్తకము మూసితిని. తెగిన చెరువులను ఆయన లెక్కించెను. తెగని గొట్టములను నేను లెక్కింపలేదు. మూడే గదా! మూడు లెక్కించుటకు మా పేట ఆడువారిని ఒక సాయంకాలము అడిగిన చాలియుండెడిది.

కట్టిన పిదప కాపాడుట వేరొక పని. ఆ జలాశయముల పరీవాహక భూమిలో కట్టడములను నియంత్రించుచు 1996లో 111వ సంఖ్య గల ఉత్తర్వు వచ్చెను. 2022లో దానిని సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చెను. హైదరాబాదు బంధువులు ఈ రెంటిని గూర్చి భూమి ధరల లెక్కలో మాటలాడుదురు. నేను విని ఊరకుందును.

ఉద్యోగము విడిచిన తరువాత ఇట్టి కథలను వెదకి చదువుట నాకు వ్యసనమైనది. అందులో కంబోడియా రాజధాని నోమ్‌పెన్ కథ నన్ను వదలలేదు. 1993లో ఎక్ సొన్ చాన్ అను ఇంజనీరు ఆ నగరపు నీటి సంస్థను చేపట్టునాటికి నూటికి 72 పాళ్లు నీరు లెక్కకు రాకుండ పోవుచుండెను. దినమునకు పది గంటలే సరఫరా. అదియు నగరములో కొంత భాగమునకే. ఆయన ఇంటింటి లెక్క తీయించి, మీటర్లు పెట్టించి, పెద్దవారి ఇండ్ల వద్దకు తానే పోయెను. ఒక సైన్యాధికారి తుపాకి ఎక్కుపెట్టెనట. ఈయన మరల మనుష్యులను వెంటబెట్టుకొని పోయి నీటి గొట్టము తెంచివేసెనట. మా శాఖలో తుపాకులు లేవు గాని కార్పొరేటరుల టెలిఫోనులు కలవు; వాని ముందు మేము నిలువలేదు. 2006లో ఆయనకు మెగసెసే బహుమానము వచ్చెను. 2010 నాటికి ఆ నగరపు నీటి నష్టము నూటికి సుమారు ఆరు పాళ్లకు దిగెను.

ఆ పనికి జపానుదేశపు కితాక్యూషూ నగరము తోడ్పడెను. 1999 నుండి ఆ నగరపు నీటి శాఖవారు తమ ఉద్యోగులనే అచ్చటికి పంపిరి. ఉపన్యాసకులు కారు, తమ ఊరిలో లీకులు వెదకినవారు, గొట్టముల ఒత్తిడి చూచుకొన్నవారు. అచ్చట నివసించి, అచ్చటి పనివారితో కలిసి చేసి చూపిరి. ఈ సంగతి చదివినప్పుడు నా మనస్సున మెదలినది ధారవాడ పనివాడు. ఆరుగురము అచ్చటికి పోవుటకు మారుగా అతనిని ఒక్కనిని ఆరు నెలలు మా పేటకు తెచ్చుకొనిన ఎట్లుండెడిదో! ప్రయాణ వ్యయము తక్కువయ్యెడిది. ఇట్టి ప్రతిపాదన ఏ ఫైలులో, ఏ పద్దు క్రింద వ్రాయవలెనో మాత్రము నాకు నేటికిని తెలియదు.

2023లో జగన్నాథ దర్శనమునకై అన్నగారిని, వదినగారిని వెంటబెట్టుకొని పూరికి పోతిని. 2021 జూలైలో ఆ పురము ఇంటి నల్లా నీటినే నేరుగ త్రాగవచ్చునని ప్రకటించినది. మా బస ఉన్న వీథిలో ఒక స్త్రీ సంచి తగిలించుకొని ఇంటింటికి పోవుచుండెను. మీటరు చదివినది, బిల్లు ఇచ్చినది, ఒక ఇంటి నల్లా నుండి చిన్న సీసాలో నీరు పట్టి మందు చుక్క వేసి రంగు చూచినది, ఇంటి ఇల్లాలి ఫిర్యాదు వ్రాసికొన్నది. వారిని జలసాథులందురు. స్త్రీల స్వయంసహాయక సంఘముల నుండి తీసికొన్నారు. ఆ పురమున యాత్రికుల తెలుగు చాలమందికి తెలియును. ఆమెకును కొంత తెలియును. “నీళ్లు రంగు మారింది అంటే ఇంట్లో అమ్మ ఆఫీసుకు పోదు, నాకు చెప్తుంది” అని ఆమె యనెను. వేపచెట్టు క్రింద విన్న “ఆడోళ్లతో మాట్లాడండి” అను మాట ఇచ్చట ఉద్యోగమై సంచి తగిలించుకొని నిలిచియుండెను.

వదినగారు ఆ సీసాను చేతికి తీసికొని చాలసేపు చూచిరి. నా హృదయమున పాత జబ్బు కదలెను. మా ఊరికి జలసాథులను తెప్పింతునా? నివేదిక వ్రాయుదునా? రైలులో ఆగి ఆలోచించితిని. ఒడిశాలో ఆ స్త్రీ సంఘములు ఇరువది యేండ్లుగా వేళ్లూని యున్నవి; నీటి పని వానిపై తరువాత మొలచినది. మావద్ద అట్టి సంఘములు బలముగా లేవు. ఉన్నది బీడీలు చుట్టెడి ఆడువారి అరుగులు. ఉదయము నుండి సాయంకాలము వరకు వారచ్చటనే కూర్చుందురు. వీథిలో జరుగునది వారికి తెలియనిది లేదు. బీడీల లెక్క తప్పనివారు మీటరు లెక్క తప్పుదురా? అయితే ఆ పని చేసినందుకు వారి బీడీ కూలి ఎంత తగ్గునో, దానిని ఎవరిత్తురో ముందు తేల్చవలెను. ఆ లెక్క ఇంకను తేలలేదు.

తిరిగి వచ్చిన వారమున ఒక నోటు పుస్తకము కొని వదినగారి ముందు కూర్చుంటిని. “ఏ సందుల ఏ రోజు ధార తగ్గుతది వదినా?” అని అడిగితిని. ఆమె పత్తి వత్తులు చేసికొనుచునే చెప్పసాగిరి. మసీదు సందులో శుక్రవారమున, పాత రంగుల కార్ఖానా వెనుక అమావాస్యకు ముందు (ఎందుకో ఆమెకు తెలియదు, చూచిన మాట), మునిసిపలు బడి ప్రక్కన వాన పడిన మరునాడు నీరు పచ్చగా వచ్చును. ఆమె చెప్పినవి, ఆమె పిలిచి కూర్చుండబెట్టిన పొరుగువారు చెప్పినవి, ధారవాడలో విన్నవి జ్ఞాపకమున్నంతవరకు, అన్నియు తెలుగులో వ్రాసితిని. ముప్పదినాలుగు పుటలైనవి.

దాని ప్రతిని మా పాత కార్యాలయమునకు ఇచ్చితిని; జవాబు రాలేదు. మా వార్డు వాల్వు తిప్పెడి మరాఠీ యువకుడు మాత్రము ఒకనాడు ఇంటికి వచ్చి, అందులో ఏమున్నదో తనకును చదువవలెనని ఉన్నదని, మరాఠీలో వ్రాసి ఇండని అడిగెను. పెరటిలో గులాబి మొక్కలు తీసివేసి వదినగారు మరల గోలెము పెట్టించిరి. దాని ప్రక్క నీడలో బల్ల వేసికొని సాయంకాలములు అనువదించుచున్నాను. పదునొకండవ పుటకు వచ్చితిని.